కాఫీడబ్బా మూత

ఆటలో పెట్టె తెరుచుకునే చప్పుడు నాదే.
టాంపెరెలో, పాత నూలుమిల్లు మూడో అంతస్తులో,
గోడలకి నురుగుదిమ్మలు అంటించిన చిన్న గదిలో
మా అమ్మమ్మ కాఫీడబ్బా మూతని
నూట పదకొండు సార్లు తీసి రికార్డు చేశాను.
ఎర్ర రేకుడబ్బా. మూత కొంచెం మొండిది.
ముందు బిగుసుకుంటుంది, తర్వాత చిన్న నిట్టూర్పు,
ఆ పైన టప్పుమని ఒప్పుకుంటుంది.

యార్కో కళ్ళు మూసుకుని విన్నాడు.
"ఆ నిట్టూర్పుని సాగదీయి," అన్నాడు,
"ఒకటింపావు సెకను.
ఊపిరి బిగబట్టేంత. విసుగు పుట్టనంత."
సాగదీశాను.
అంత చక్కగా కుదిరిన పని అంతకుముందు చేయలేదు.
అబద్ధమెందుకు, ఆ రాత్రి గర్వంతో నిద్రపట్టలేదు.

మొదటి మూడు రోజులూ మా ఆటది ఎముక లేని చెయ్యి.
వచ్చినవాళ్ళందరికీ కత్తులు, రెక్కలు, నీలిమంట గుర్రం.
ఏ అంగట్లోనైనా కొన్నాక వేస్తారు కొసరు.
మేం కొసరే ముందు వేసి
అసలుని తర్వాత, మెల్లగా, వాళ్ళ దగ్గర్నుంచి లాగుతాం.
నాలుగో రోజునుంచి కరువు.
చక్రం తిరిగి తిరిగి బంగారు గడి దాకా వచ్చి
ఒక్క మేకు ఇవతల ఆగుతుంది.
అది వాళ్ళ తలరాత కాదు.
ఆ మేకుని ఒస్సీ పెట్టాడు,
ఒక మంగళవారం, భోజనానికి లేచే ముందు.
రోజూ రావాలి. ఒక్క రోజు తప్పితే
తొంభై రోజుల వరసంతా సున్నా,
జ్వరమొచ్చినా, ఇంట్లో పురుడొచ్చినా.
రమ్మని గుర్తుచేసే గంట కూడా నేను చేసిందే.

మీటింగుల్లో ఒక మాట వాడతాం: తిమింగలాలు.
నూటికి ఇద్దరే ఉంటారు, వాళ్ళ డబ్బుతోనే
మా జీతాలు, ఈ పెద్ద కిటికీలు, శుక్రవారం ఆవిరిస్నానం.
గ్రాఫు మీద ఒక ఎర్రచుక్క
తెల్లవారుజాము మూడింటికి మేలుకుని ఉంటే
"బాగుంది, నిలకడగా ఉంది" అంటాం.
నేను నిజంగానే అనుకునేదాన్ని,
ఎక్కడో పెద్ద ఇల్లు, పడవ, ఏం చేసుకోవాలో తోచనంత డబ్బు.

నవంబరు. నాలుగింటికే చీకటి.
హెర్వాంతా వెళ్ళే ట్రామ్‌లో నా మూత చప్పుడు విన్నాను.
బిగువు. నిట్టూర్పు. టప్.
మళ్ళీ.
మళ్ళీ.
తిమింగలం ఒక్క సీట్లో పట్టేశాడు,
పక్కన ఇంకా చోటుంది కూడా.
రాత్రిపూట ఆఫీసులు తుడిచేవాళ్ళ పచ్చచొక్కా,
దాని మీద మోచేతి దగ్గర టేపు అతికించిన చలికోటు.
మోకాళ్ళ ముందు తోపుడుబండిలో పాప.
చేతితొడుగొకటి జారి నేలమీది బురదమంచులో పడింది.
ఎర్రబడ్డ వేళ్ళు పైకి చాచి పిలుస్తోంది వాళ్ళ నాన్నని.
అతనికి వినపడకపోలేదు.
"ఆగమ్మా, ఇదొక్కటి," అన్నాడు తలెత్తకుండా,
సరిగ్గా ఒకటింపావు సెకను
ఊపిరి బిగబట్టి.

తొడుగు తీసి, పిండి, పాప చేతికి తొడిగాను.
అతను సిగ్గుపడ్డాడు. ఫోను జేబులో పెట్టాడు.
రెండు స్టాపులు కిటికీలోంచి బయటికి చూశాడు,
మొహం మీద ఎవరో తడుతున్నట్టు.
మూడో స్టాపులో నా గంట మోగింది.
అది నాదని చెప్పలేదు.
చెప్పి ఏం అడగను, బాగుందా అనా?

ఉద్యోగం మానేశానని రాస్తే ఈ పద్యం ఇక్కడ చక్కగా ముగిసేది.
మానలేదు. ఇంటి అప్పుంది.
నిట్టూర్పుని సెకనున్నర చేయమంటున్నారు,
లెక్కల్లో అది ఇంకా మేలుగా తేలిందట.
ఫైలు తెరిచి పెట్టుకున్నాను, సోమవారం నుంచీ.

పొద్దున వంటింట్లో అసలు డబ్బా తీస్తే
లోపల కాఫీపొడే ఉంటుంది,
నిన్నటికంటే రెండు చెంచాలు తక్కువగా.
అమ్మమ్మ రోజుకి రెండుసార్లు తీసేది దాన్ని, అంతే.
నేనిప్పుడు మూత అంచుకి గుడ్డ చుట్టి
చప్పుడు రాకుండా తీస్తున్నాను.
అయినా నిట్టూర్పు ఉండాల్సిన చోటికి వచ్చేసరికి
నా ఊపిరి దానంతటదే ఆగుతోంది.